ముందు లెన్స్, తర్వాతే బాడీ: రోజూ వెంట ఉండే కెమెరా కోసం ఒక ప్రాజెక్టు డైరీ

మొదలు: షరతులు

కెమెరా పేర్లు వెతకడానికి ముందే, అది నాకు ఏ పనికి కావాలో కాగితం మీద రాసుకున్నాను. ఆఫీసుకు వెళ్లే దారిలో, బస్సు కోసం నిలబడ్డప్పుడు, పిల్లల్ని బడి నుంచి తీసుకొచ్చేటప్పుడు, సాయంత్రం నడకలో కంటపడేవి తీయాలి. ఫోటోల కోసమే బయల్దేరే రోజులకు నా దగ్గర డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే పెద్ద కెమెరా) ఉంది. జూమ్ లెన్స్‌తో కలిపి కిలో పైనే తూగుతుంది, ఆ రోజులకు అది చాలు. మిగతా రోజులు మాత్రం ఫోటో అనేదే లేకుండా గడిచిపోతున్నాయి. ఈ ప్రాజెక్టు ఆ మిగతా రోజుల కోసం.

ఫోన్ ఉందిగా అంటారు. ఫోన్ ఫోటోలు బాగుంటాయి, అందులో నాకు పేచీ లేదు. కానీ ఎండలో దాని తెర సరిగ్గా కనబడదు. కంటికి ఆనించుకుని చూసే వ్యూఫైండర్ ఉండదు. ఫోటో కోసం బయటికి తీసిన ప్రతిసారీ ముందు సందేశాలు ఎదురవుతాయి. ఫోటో తీయడం తప్ప వేరే పని లేని వస్తువు చేతిలో ఉంటే నేను పరిసరాల్ని చూసే తీరే మారుతుంది. అందుకోసం కొంత బరువు మోయడానికి సిద్ధమే. ఎంత బరువు, ఎంత మందం అన్నదే తేలాలి.

చివరికి నిలిచిన షరతులు: లెన్స్ మార్చుకునే వీలుండాలి. వ్యూఫైండర్ ఉండాలి. లెన్స్‌తో సహా అర కిలోకు అటూఇటూగా ఆగాలి. రోజూ భుజాన వేసుకునే సంచి పై జేబులో పట్టాలి, అడుగున కాదు. సంచిలోంచి తీసి మొదటి ఫోటో కొట్టేసరికి ఎదుట జరుగుతున్నది ఇంకా జరుగుతూనే ఉండాలి. ఈ చివరి షరతు ఏ స్పెసిఫికేషన్ల పట్టికలోనూ కనబడదు. నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యం అదే.

కాగితం మీద లెక్కలు

మిర్రర్‌లెస్ కెమెరా ఎందుకు పలచగా ఉండగలదో అర్థమైతే ఎంపిక సగం తేలిపోతుంది. డీఎస్ఎల్ఆర్‌లో సెన్సర్ (వెలుగును బొమ్మగా మార్చే పలక) ముందు అద్దం లేచి పడటానికి చోటు కావాలి. అందుకే నికాన్ ఎఫ్ మౌంట్‌లో లెన్స్ కూర్చునే వలయానికీ సెన్సర్‌కూ మధ్య 46.5 మి.మీ. దూరం ఉంటుంది. అద్దం తీసేస్తే ఆ చోటు అక్కర్లేదు. ఫుజిఫిల్మ్ ఎక్స్ మౌంట్‌లో అది 17.7 మి.మీ., సోనీ ‘ఈ’ (E) మౌంట్‌లో 18 మి.మీ. అంటే ఒక్క దెబ్బకు దాదాపు 29 మి.మీ. మందం పోయింది. 2008లో పానసోనిక్ జీ1తో మొదలైన ఈ రకం కెమెరాల అసలు లాభం ఇదే.

అయితే ఆ లాభం బాడీకే, అంటే లెన్స్ తీసేసిన కెమెరాకే. దాని ముందు పొడవాటి జూమ్ తగిలిస్తే మిగిల్చిన మందమంతా తిరిగి వచ్చేస్తుంది. పైగా పెద్ద సెన్సర్‌ను వెలుగుతో నింపే లెన్స్‌కు సెన్సర్‌కు తగ్గ పరిమాణం ఉండాల్సిందే. సెన్సర్ సైజుల్లో ఫుల్‌ఫ్రేమ్ అంటే 36×24 మి.మీ. ఏపీఎస్-సి దాదాపు 23.5×15.6. మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3×13. వైశాల్యం లెక్కేస్తే 864, 367, 225 చదరపు మిల్లీమీటర్లు. బాడీ ఎంత చిన్నదైనా, ముందు ఉండే గాజు ఎంత దూరం పొడుచుకొస్తుందన్న దాన్ని బట్టే అది జేబులో పడుతుందా లేదా అన్నది తేలుతుంది. కాబట్టి ముందు లెన్స్‌ను ఎంచుకోవాలి, దానికి తగిన బాడీని తర్వాత వెతకాలి. కొనేవాళ్లు ఎక్కువగా దీనికి తలకిందులుగా చేస్తారు. బాడీ మీద నెలల తరబడి చర్చించి, పెట్టెలో దానితో వచ్చిన లెన్స్‌ను అలాగే ఉంచేస్తారు.

చిన్న కెమెరా కోసం తపన కొత్తది కాదు. లైట్జ్ సంస్థలో ఆస్కార్ బార్నాక్ 1913-14 ప్రాంతంలో సినిమా ఫిల్మ్‌తో పనిచేసే చిన్న నమూనా కెమెరా తయారుచేశాడు. సినిమా ఫ్రేమ్ 18×24ను రెట్టింపు చేసి 24×36 చేశాడు. 1925లో అదే లైకాగా బయటికొచ్చింది. ఇవాళ ఫుల్‌ఫ్రేమ్ అంటున్న కొలత అక్కడిదే. ఆ రోజుల్లో అది బుల్లి ఫార్మాట్! ఒలింపస్‌లో యోషిహిసా మైతాని రూపొందించిన పెన్ 1959లో వచ్చింది. ఆయనదే అయిన ఎక్స్ఏ 1979లో వచ్చింది. ఎక్స్ఏకు లెన్స్ మూత, తొడుగు విడిగా లేవు. ముందున్న పలక పక్కకు జరిపితే చాలు, లెన్స్ బయటపడి కెమెరా సిద్ధమవుతుంది. జేబులోంచి తీసిన క్షణానికీ ఫోటో కొట్టిన క్షణానికీ మధ్య ఉన్న అడ్డంకులన్నిటినీ ఒక్క కదలికలో తొలగించాడాయన. నేను వెతుకుతున్నది కూడా అదే గుణం.

అట్టముక్కల కెమెరాలు

తెర మీద పక్కపక్కన బొమ్మలు చూస్తే పరిమాణం తెలియదు. అందుకే కొనే ముందు నమూనాలు చేశాను. మందపాటి అట్టను పొరలుగా కత్తిరించి జిగురుతో అతికించి, ప్రతి కెమెరా కొలతలకు ఒక దిమ్మ. లెన్స్‌కు అట్టను గొట్టంలా చుట్టి ముందు అతికించాను. లోపల ఇనుప వాషర్లు, నట్లు నింపి, వంటింటి తూకం మీద పెట్టి అసలు బరువుకు తెచ్చాను. బ్యాటరీ, కార్డు కలిపిన బరువే లెక్కలోకి తీసుకోవాలి. కొన్ని పట్టికల్లో ఖాళీ బాడీ బరువే ఇస్తారు, జాగ్రత్త.

చేసిన నమూనాలు ఇవి. లెన్స్ పేరులోని మి.మీ. దాని ఫోకల్ దూరం (అది తగ్గితే దృశ్యం వెడల్పు), ఎఫ్ అంకె దాని రంధ్రం కొలత (అంకె తగ్గితే వెలుగు ఎక్కువ). చివరి మి.మీ. మొత్తం మందం. పానసోనిక్ జీఎం5తో 12-32 జూమ్: 281 గ్రా., ముందు నుంచి వెనక్కి 60 మి.మీ. ఫుజిఫిల్మ్ ఎక్స్-ఈ4తో 27 మి.మీ. ఎఫ్/2.8: 448 గ్రా., 56 మి.మీ. పానసోనిక్ జీఎక్స్85తో 20 మి.మీ. ఎఫ్/1.7: 513 గ్రా., 70 మి.మీ. నా షరతులో లేకపోయినా, పోల్చి చూడటానికి సోనీ ఏ7సీతో 40 మి.మీ. ఎఫ్/2.5 కూడా చేశాను: 682 గ్రా., 105 మి.మీ. కంపెనీలు ఇచ్చే మందంలో గ్రిప్పు, వ్యూఫైండర్ ఉబ్బు కూడా కలుస్తాయి కాబట్టి, బాడీ మందానికి లెన్స్ మందం కలిపి వేసిన ఈ అంకెలు అసలుకన్నా కొంచెం ఎక్కువే.

ఈ దిమ్మల్ని ఒక్కొక్కటిగా సంచిలో వేసుకుని మామూలుగా నా పనుల మీద తిరిగాను. తీయడం, పెట్టడం, మెడలో వేలాడదీయడం, బస్సులో నిలబడి ఒక చేత్తో పట్టుకోవడం, అన్నీ చేశాను. చూసినవాళ్లు వింతగా అడిగితే విషయం చెప్పాను, ఒకరిద్దరు చేతిలోకి తీసుకుని తూచి చూశారు కూడా.

తేలింది ఇది. వెడల్పు, ఎత్తు పెద్దగా లెక్కలోకి రావు. ఈ కెమెరాలన్నీ ఆ రెండింటిలో సంచి జేబుకు లోబడే ఉన్నాయి. తేడా అంతా మందంలోనే. 60 మి.మీ. లోపువి పై జేబులోకి తిన్నగా జారిపోయాయి. 70 మి.మీ.ది పడుతుంది గానీ జిప్పు దగ్గర లెన్స్ అంచు తట్టుకుని, ప్రతిసారీ కాస్త తిప్పి లాగాల్సి వచ్చింది. 105 మి.మీ.ది సంచి అడుగుకే వెళ్లింది, దాని మీదికి గొడుగు, నీళ్ల సీసా చేరాయి. అడుగున ఉన్నదాన్ని తీయాలంటే ఎక్కడైనా ఆగి, సంచి దించుకుని, లోపల వెతకాలి. అంతసేపు ఏ దృశ్యమూ ఆగదు.

బరువు విషయం మరోలా ఉంది. 281 గ్రాములకూ 448 గ్రాములకూ మధ్య తేడా భుజానికి తెలియలేదు. మణికట్టు పట్టీతో చేతిలో వేలాడేసుకుని నడిస్తే మాత్రం 682 గ్రాములది కాసేపటికే చేయి మార్చుకునేలా చేసింది. రోజూ మోసే కెమెరాకు నా చేతి హద్దు 500 గ్రాముల చుట్టూ ఉందని రాసుకున్నాను. ఎవరి హద్దు వాళ్లది. అట్ట, జిగురు, వాషర్లు ఇంట్లో దొరికేవే కాబట్టి ఎవరికి వాళ్లు తేల్చుకోవచ్చు.

వెలుతురు లెక్క

మందం ఒక్కటే చూస్తే సరిపోదు. నా ఫోటోల్లో సగం సాయంత్రం తర్వాతివే కాబట్టి వెలుతురు లెక్క కూడా వేయాల్సిందే.

వీధి దీపాల వెలుగు ఈవీ (వెలుతురు స్థాయి కొలత) 5 దగ్గర అనుకుందాం. ఎఫ్/2.8, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా సున్నితత్వం) 100 పెడితే షట్టర్ 1/4 సెకను అవుతుంది. నిలబడి మాట్లాడుకునే మనుషుల్ని చెదరకుండా తీయడానికి నాకు 1/125 కావాలి. అంటే ఐదు స్టాపులు (ఒక్కో స్టాపుకు రెట్టింపు) పెంచాలి, ఐఎస్ఓ 3200 అవుతుంది. ఎక్స్-ఈ4లో ఉన్న ఏపీఎస్-సి సెన్సర్ మీద ఇది నాకు ఇబ్బంది కాదు.

ఇక్కడ జీఎక్స్85 వైపు న్యాయంగా చెప్పాల్సిన మాట ఉంది. దాని సెన్సర్ చిన్నదే గానీ 20 మి.మీ. లెన్స్ ఎఫ్/1.7 దాకా తెరుచుకుంటుంది. క్రాప్ లెక్క (ఫుల్‌ఫ్రేమ్ కన్నా సెన్సర్ ఎన్ని రెట్లు చిన్నదో) కట్టి ఫుల్‌ఫ్రేమ్ కొలతలోకి మారిస్తే అది ఎఫ్/3.4, ఫుజి 27 అయితే ఎఫ్/4.2. అంటే చిన్న సెన్సర్ కెమెరానే మొత్తం మీద దాదాపు ఒకటిన్నర రెట్ల వెలుగు పోగుచేస్తుంది. పైగా దాని బాడీలో సెన్సర్‌ను కదిపి వణుకును సరిచేసే ఏర్పాటు ఉంది, ఎక్స్-ఈ4లో లేదు. సెన్సర్ పెద్దదైతే చీకట్లో తప్పకుండా మేలు అన్న మాట లెన్స్‌ను పక్కన పెట్టి అనేదే.

అయినా నేను ఎక్స్-ఈ4 వైపే మొగ్గాను. ఆ 20 మి.మీ. లెన్స్ గాజు చాలా మంచిది, కానీ ఆటోఫోకస్ నెమ్మది. చీకట్లో అటూ ఇటూ వెతుక్కుంటుంది. నా ముఖ్యమైన షరతుకు ఇది నేరుగా అడ్డు. వణుకు సరిచేసే ఏర్పాటు నా చేతి కదలికనే ఆపుతుంది, ఎదుటి మనిషి కదలికను ఆపదు. మనుషుల కోసం ఎలాగూ 1/125 పెడతాను కాబట్టి, ఈ కోణానికి ఆ ఏర్పాటు లేని లోటు తక్కువ. రాత్రి ఖాళీ వీధులు, కట్టడాలు ఎక్కువగా తీసేవాళ్లకు ఇదే లెక్క ఎదురు తిరుగుతుంది. వాళ్లకు జీఎక్స్85 లాంటిదే సరైనది.

జీఎం5ను వదులుకోవడం బాధగానే ఉంది. అంత చిన్న బాడీలో వ్యూఫైండర్ కూడా ఇరికించడం గొప్ప పనితనం. కానీ బ్యాటరీ చిన్నది, వ్యూఫైండర్ ఇరుకు, 2014 నాటి కెమెరా. సోనీ ఏ6400, నికాన్ జడ్50, కెనాన్ ఆర్50 మంచివే. వాటి గ్రిప్పు ముందుకు పొడుచుకొస్తుంది కాబట్టి పలచటి లెన్స్ పెట్టినా మందంలో కలిసొచ్చేది కొద్దే. లెన్స్ మార్చక్కర్లేదు, వ్యూఫైండర్ అక్కర్లేదు అనుకునేవాళ్లకు మాత్రం 257 గ్రాముల రికో జీఆర్ 3ని మించినది నాకు తెలియదు.

పాతది కొనడం: చేతిలో పట్టి చూసిన పరీక్షలు

2021లో వచ్చిన ఎక్స్-ఈ4 తయారీ ఆగిపోయింది. కాబట్టి వాడినదే వెతికాను. అమ్మేవ్యక్తి ముందే చేసిన పరీక్షలు, వరుసగా:

లెన్స్ తీసి మౌంట్ వలయం మీద గీతలు, బంగారు రంగు స్పర్శబిందువుల మీద నలుపు ఉన్నాయా చూశాను. లెన్స్ పెట్టి మెల్లగా తిప్పి ఊగుతోందా అని చూశాను. తర్వాత సెన్సర్. అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/16కి పెట్టి, ఫోకస్ తప్పించి, తెల్లగోడను తీసి తెర మీద పెద్దది చేసి మూలమూలలూ చూడాలి. దుమ్ము మసక చుక్కల్లా కనబడుతుంది, అది తుడిస్తే పోతుంది. నిటారు అంచులున్న గీత కనబడితే మాత్రం అది గీరుడు, అలాంటిది వద్దు. మూత పెట్టి ఐదారు సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తే, రంగురంగుల చుక్కల్లా చెడిపోయిన పిక్సెళ్లు బయటపడతాయి.

బ్యాటరీని గూట్లోంచి తీసేటప్పుడు తనంతట తాను జారి రావాలి. బిగిసి ఉంటే ఉబ్బినట్టే. మడత తెరను పూర్తిగా తెరిచి మూసి బొమ్మ మినుకుమంటుందా చూశాను. యూఎస్‌బీ-సి తీగ పెట్టి చార్జింగ్ ఎక్కుతుందా, తీగ కదిపితే పోతుందా చూశాను. డయళ్లు ప్రతి గీత దగ్గరా టక్కుమని ఆగాలి.

లెన్స్‌ను టార్చి వెలుగులో వెనక నుంచి చూడటం మాత్రం ఎప్పుడూ మానొద్దు. నాలుగు దుమ్ము రేణువులు ఫోటోలో కనబడవు. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్. అది పక్క లెన్స్‌లకూ పాకవచ్చు, తీసుకోకూడదు. ఈ బాడీ, లెన్స్ రెండూ శుభ్రంగానే ఉన్నాయి. కొన్నాను.

అమరికలు: మొదటి సాయంత్రమంతా దీనికే

నడిరోడ్డు మీద మెనూ తెరవాల్సి రాకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. అందుకే బయటికి తీసుకెళ్లే ముందే మెనూ పని ముగించాను.

ఈ 27 మి.మీ. లెన్స్ మీద అపర్చర్ రింగ్ ఉంది, అది ఎప్పుడూ నా చేతిలోనే ఉంటుంది. షట్టర్ డయల్ ‘A’ (ఆటో) మీద ఉంటుంది. మిగిలింది ఐఎస్ఓ. ఫుజిలో ఆటో ఐఎస్ఓకు మూడు గూళ్లుంటాయి. ఒక్కోదానికి కనిష్ఠ ఐఎస్ఓ, గరిష్ఠ ఐఎస్ఓ, కనిష్ఠ షట్టర్ వేగం విడివిడిగా పెట్టుకోవచ్చు. మొదటి గూడు 160 నుంచి 6400, 1/125: మామూలు మనుషులు, మామూలు పనులు. రెండోది 1/250: నడిచేవాళ్లు, సైకిళ్లు. మూడోది 12800 దాకా, 1/500: ఆడుకునే పిల్లలు. ముందు సీను చూసి గూడు మార్చడం తప్ప ఇంకేమీ ఆలోచించను. రోజూ వెంట ఉండే కెమెరాలో ఇంతకంటే విలువైన అమరిక మరొకటి లేదని నా గట్టి అభిప్రాయం. ఈ కనిష్ఠ షట్టర్‌ను కెమెరా ఇష్టానికి వదిలేస్తే, సాయంత్రాల్లో చేతి వణుకుకు సరిపోయే వేగం ఎంచుకుంటుంది, ఎదుటి మనుషుల చేతులు, ముఖాలు మసకబారతాయి.

డైనమిక్ రేంజ్ డీఆర్200లో ఉంచాను. ఇది కావాలంటే ఐఎస్ఓ 320 అయినా ఉండాలి, డీఆర్400కు 640. ఈ సంగతి తెలియక ఎండలో ఐఎస్ఓ 160కి దిగనంటోందేమిటని కంగారుపడేవాళ్లు ఉంటారు. అది లోపం కాదు. వెలుగు భాగాలు తెల్లగా కాలిపోకుండా కాపాడటానికి కెమెరా చేసే పనే అది.

బీప్ శబ్దాలు, ఫోకస్ దీపం ఆపేశాను. కంటిని పెట్టినప్పుడే వ్యూఫైండర్ వెలిగేలా, వెనక తెర ఆరి ఉండేలా పెట్టాను. దీంతో బ్యాటరీ నిలుస్తుంది, తీసిన ప్రతి బొమ్మనూ వెంటనే చూసుకునే అలవాటూ తగ్గుతుంది. ఫైళ్లు రా (కెమెరా మార్చని ముడి ఫైలు), జేపెగ్ రెండూ. కుదింపు లేని రా ఫైలు 26 మెగాపిక్సెళ్లకు ఒక్కోటి 50 ఎంబీ దాటుతుంది. నష్టం లేని కుదింపు పెడితే నాణ్యత తగ్గకుండానే చోటు బాగా కలిసొస్తుంది.

లెన్స్ మూత ఇంట్లోనే ఉండిపోయింది. దాని బదులు 39 మి.మీ. రక్షణ ఫిల్టర్ బిగించాను. ఎదురుగా దీపాలుంటే ఫిల్టర్ వల్ల అదనపు మెరుపులు రావచ్చు, రాత్రి ఒక్కోసారి విప్పేస్తాను. కానీ మూత తీసి జేబులో వేసుకునే ఆ రెండు సెకన్లు మిగలడమే నాకు ముఖ్యం. మైతాని పలకతో చేసిన పనిలో కొంతైనా ఇలా దొరికింది.

సంచి, పట్టీ

కెమెరా సంచి కొనలేదు. నేను రోజూ వాడే సంచి పై జేబుకే ఒక తొడుగు కుట్టాను. 5 మి.మీ. ఫోమ్ షీటు లోపల, మెత్తటి గుడ్డ బయట, అంచులు చేతికుట్టు. పైన జిప్పు పెట్టలేదు. లోహపు పళ్లు తెరను గీరతాయి, తెరవడానికి రెండు చేతులు కావాలి. నోరు ఒక వేలు ఎత్తు ఎక్కువగా ఉంచి లోపలికి మడిచాను, ఆ మడతే మూత. కెమెరా లెన్స్ కిందికి ఉండేలా దిగుతుంది. చేయి పెడితే గ్రిప్పు వైపే దొరుకుతుంది, చూడకుండా తీయొచ్చు.

తొడుగు మొదటి కూర్పులో అడుగు భాగానికి ఒకే పొర వేశాను. సంచిని గట్టి నేల మీద పెట్టినప్పుడు టక్కుమని వినిపించింది. అడుగున రెండో పొర వేశాక ఆ చప్పుడు పోయింది.

పట్టీల్లో మెడకు వేసుకునే వెడల్పాటిది తీసేసి, సన్నటి తాడు మణికట్టు పట్టీ వేశాను. ఎక్స్-ఈ4 ముందు భాగం చదునుగా ఉంటుంది, వేళ్లకు పట్టు దొరకదు. దానికి విడిగా దొరికే గ్రిప్పు పెట్టొచ్చు గానీ మందం పెరుగుతుంది. పట్టీ మణికట్టుకు బిగిసి ఉంటే పట్టు చాలినంత వస్తుంది. బొటనవేలి దగ్గర హాట్‌షూలో (ఫ్లాష్ తగిలించే గాడిలో) కూర్చునే చిన్న ఆనుడు పెట్టాను, అది ముందు గ్రిప్పుకన్నా మేలు. దాని వల్ల మందం పెరగలేదు.

వీధిలో

ఈ లెన్స్ కోణం ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 41 మి.మీ. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మూల నుంచి ఎదుటి మూలకు కొలత 43.3 మి.మీ. దానికి దగ్గరగా ఉన్న లెన్స్‌లో దృశ్యం సాగదీసినట్టూ ఉండదు, నొక్కేసినట్టూ ఉండదు. 28కి అలవాటుపడ్డవాళ్లకు ఇరుగ్గా, 50కి అలవాటుపడ్డవాళ్లకు కాస్త వెడల్పుగా అనిపిస్తుంది. నాకు ఇది చాలా నచ్చింది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే వాళ్లూ వాళ్ల వెనక గోడా కలిసి వస్తాయి. ఒక మనిషిని నడుం దాకా తీయాలంటే మాట కలిపేంత దగ్గరికి వెళ్లాలి. ఆ దూరంలో దొంగచాటుగా తీయడం కుదరదు. ముందు పలకరిస్తాను, తీశాక తెర మీద చూపిస్తాను, వద్దంటే అక్కడే తీసేస్తాను. చిన్న కెమెరా వల్ల ఎదుటివాళ్లు బిగుసుకుపోవడం తగ్గిన మాట నిజం.

లెన్స్ ఫోకస్ మోటారు శబ్దం చేస్తుంది. వీధిలో వినబడదు గానీ నిశ్శబ్దంగా ఉన్న గదిలో వినబడుతుంది, వేగం కూడా మధ్యరకం. అందుకని పగటిపూట జోన్ ఫోకస్‌కు (ముందే ఒక దూరానికి ఫోకస్ పెట్టి ఉంచడానికి) మారాను. ఈ బాడీ మీద ఫోకస్ పద్ధతి మార్చే మీట లేదు, ఆ పని ఒక ఫంక్షన్ బటన్‌కు అప్పగించాను. లెక్క ఇది: 27 మి.మీ., ఎఫ్/8, ఆమోదించే మసక 0.02 మి.మీ. అయితే హైపర్‌ఫోకల్ దూరం 4.6 మీటర్లు. అక్కడ ఫోకస్ పెడితే 2.3 మీటర్ల నుంచి అనంతం దాకా స్పష్టం. మనుషులకు ఇంకా దగ్గర కావాలి కాబట్టి 3 మీటర్లకు పెడతాను. అప్పుడు దాదాపు 1.8 నుంచి 8.7 మీటర్ల దాకా వస్తుంది. ఎఫ్/5.6కి తెరిస్తే అదే 2.1 నుంచి 5.5కి తగ్గుతుంది. ఈ మూడు మీటర్లు కంటికి పట్టుబడాలంటే ఇంట్లో టేపు పరిచి, కళ్లతో అంచనా వేసి, కొలిచి చూసుకోవడమే మార్గం. కొద్దిగా సాధన చేస్తే త్వరగానే పట్టుబడుతుంది.

వ్యూఫైండర్‌లో కనబడే ఫీల్డు లోతు (ఎంత దూరం దాకా స్పష్టమో చూపే) గీత నా లెక్కకన్నా చాలా పొట్టిగా కనిపించింది. మెనూలో దానికి రెండు రకాలున్నాయి: పిక్సెల్ ఆధారం, ఫిల్మ్ ఫార్మాట్ ఆధారం. మొదటిది వంద శాతం పెద్దది చేసి చూసేవాళ్ల కోసం కఠినంగా లెక్కిస్తుంది. ప్రింటు కోసమైతే రెండోదే సరి.

ఎలక్ట్రానిక్ షట్టర్ శబ్దం చేయదు కదా అని దాన్నే వాడొచ్చు అనిపిస్తుంది. కానీ అది సెన్సర్‌ను పై వరుస నుంచి కింది వరుస దాకా క్రమంగా చదువుతుంది. ఈలోగా బస్సు కొంత ముందుకు పోతుంది, ఫోటోలో ఒరిగినట్టు వస్తుంది. దీపాల కింద ఇంకో సమస్య. కరెంటు 50 హెర్ట్జ్ అయితే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు వెలుగు పెరిగి తగ్గుతుంటాయి. షట్టర్ అంతకంటే వేగంగా ఉంటే ఒక్కో వరుసకు ఒక్కో మోతాదు వెలుగు అంది, బొమ్మ మీద అడ్డచారలు పడతాయి. 1/100 లేదా 1/50 పెడితే ప్రతి వరుసకూ పూర్తి చక్రాలు అందుతాయి, చారలు పోతాయి. 60 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట 1/120కి దగ్గరున్న 1/125, లేదా 1/60. అందుకే గదుల్లో మెకానికల్ షట్టర్, 1/100. ఎలక్ట్రానిక్‌ది ఎండలో, కదలని వాటికే. అక్కడ దాని 1/32000 వేగం అక్కరకొస్తుంది, ఎఫ్/2.8 దగ్గరే ఉంచి తీయొచ్చు.

వాన, తేమ

లెన్స్‌కు వాన నీరు లోపలికి రానివ్వని సీలింగ్ ఉంది. బాడీకి లేదు. కాబట్టి ఆ జోడీని వానకు ఆగేదిగా లెక్కపెట్టకూడదు. చినుకు మొదలైతే తొడుగులోకే. తడి గాలిలో తిరిగిన రోజు రాత్రి కెమెరాను తొడుగులో ఉంచను. గాలి చొరబడని డబ్బాలో, రంగు మారే సిలికా జెల్‌తో, చిన్న తేమ మీటరు పక్కన పెడతాను. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే ఫంగస్ భయం లేదు.

ప్రస్తుతం ఎక్కడున్నాను

కెమెరా రోజూ వెంట వస్తోంది. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా సంతోషం అదే. ఫోటోలను వారానికోసారి కంప్యూటర్‌లోకి దించి, మొదటి చూపులోనే అక్కర్లేనివి తీసేస్తున్నాను. మిగిలినవాటిలో జేపెగ్‌లే ఎక్కువ ఉంచుకుంటున్నాను, ఫుజి కెమెరాలో ఉండే క్లాసిక్ క్రోమ్ అనే అమరిక రంగులు సాయంత్రపు వెలుగుకు బాగా కుదిరాయి. రా ఫైలు తెరవాల్సి వస్తున్నది ఎక్కువగా కిటికీ పక్కన తీసిన బొమ్మలకే.

తేలని విషయం ఒకటుంది. రాత్రి ఫోటోలకు 35 మి.మీ. ఎఫ్/2 కావాలని మనసు లాగుతోంది. ఒక స్టాపు వెలుగు కలిసొస్తుంది, ఐఎస్ఓ 3200 కాస్తా 1600 అవుతుంది. కానీ దాని పొడవు 46 మి.మీ., బరువు 170 గ్రా. బాడీతో కలిపితే మందం 79 మి.మీ., బరువు 534 గ్రా. నేను అట్టదిమ్మలతో తేల్చుకున్న రెండు హద్దులూ దాటుతుంది. 2025లో వచ్చిన 23 మి.మీ. ఎఫ్/2.8 మందం 27కి సమానమే గానీ వెలుగులో ఏమీ కలిపి ఇవ్వదు. దానికి వెడల్పు కోణం కావాలనుకునేవాళ్లే వెళ్లాలి.

కొనే ముందు నిజంగా ఆ ఒక స్టాపు కావాలా అన్నది ప్రింటు మీద చూడాలనుకున్నాను. ఒకే వీధి, ఒకే దీపాల కింద ఐఎస్ఓ 1600, 3200, 6400లో తీసిన మూడు ఫోటోలు ఏ4 సైజులో ప్రింటుకు ఇచ్చాను. ఈ కెమెరా ఫైలు 6240×4160 పిక్సెళ్లు, అంగుళానికి 300 చుక్కల లెక్కన 20.8×13.9 అంగుళాల దాకా సరిపోతుంది. కాబట్టి ఐఎస్ఓ పెంచినందుకు వచ్చే గరుకు చుక్కలు ఏ4లో చాలావరకు అణిగిపోవాలి. కాగితం వెనక ఐఎస్ఓ అంకె రాసి, ఇంట్లోవాళ్లకు ముందువైపు మాత్రమే చూపించి, ఏది బాగుందో అడుగుతాను. 1600కూ 3200కూ తేడా వాళ్లు పట్టలేకపోతే 35 కొనను.